లేతరంగు అవును

రేవుపాలెం పట్టణంలో జ్యేష్ఠమాసం మొదటి సోమవారం నుంచి ఎవరూ దేనికీ వద్దనలేకపోయారు, ఎందుకంటే పలకల మీది పెట్టెలో ఆ బిళ్ళకు చోటు చాలలేదు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. పెట్టె పొడుగైపోయింది, పలక పొట్టిది. ఏదో ఒకటి లోపలికి వెళ్లాలి, వెళ్లింది.

బయటి ఊళ్ల వాళ్లకు ఈ పద్ధతి కాస్త విడమరచి చెప్పాలి. రేవుపాలెంలో ప్రతి మనిషికీ ఒక పలక ఉంటుంది. పలకకు ఎడమ పక్కన పెట్టె, పెట్టెలో రంగురంగుల అరలు, అరల్లో బిళ్ళలు. మిగతాదంతా ఖాళీ చోటు, దాన్ని వాకిలి అంటారు. కావలసిన బిళ్ళలను వాకిట్లోకి లాగి, ఒకదాని కింద ఒకటి తగిలించి, పైనున్న పచ్చజెండా నొక్కితే ఒళ్లు ఆ పని చేస్తుంది. నిద్ర లేవడం, పళ్లు తోముకోవడం, బస్సెక్కడం అన్నీ ఇంతే. ఎవరైనా మనల్ని ఏదైనా అడిగితే వాళ్ల బిళ్ళ వచ్చి మన వాకిట్లో కూర్చుంటుంది. దాని పక్కన ఒక ఖాళీ ఉంటుంది, అందులో మనం జవాబు బిళ్ళ పెట్టాలి. ఊసుపోక చెప్పుకునే కబుర్లకు బిళ్ళలు అక్కర్లేదు. నోటితో ఎవరేమన్నా అధికారులకు అభ్యంతరం లేదు, అది లెక్కలోకి రాదు కనుక. ఏడుపుకు కూడా బిళ్ళ లేదు. దాన్ని ఏ అరలో పెట్టాలో మొదట్లో తేలక అలా వదిలేశారు.

పెట్టె ఏ పక్కనుండాలి, ఏ అర పైన, ఏ అర కింద, చెత్తబుట్ట ఏ మూలన అనేవి చూసుకునేది మునిసిపల్ ఆఫీసు మేడమీదున్న అమరికల విభాగం. నూకరత్నం అక్కడ కాంట్రాక్టు ఉద్యోగి. చేతిలో శుభ్రత ఉన్న మనిషి. ఆమె వంటింట్లో పోపుల డబ్బా మూత తీస్తే ఆవాలు ఒక్కటి కూడా జీలకర్రలోకి దొర్లి ఉండవు. ఎడమచేతివాటం వాళ్ల కోసం పెట్టెను కుడి పక్కకు మార్చింది ఆమే. ముసలివాళ్ల బిళ్ళల మీద అక్షరాలు పెద్దవి చేసిందీ, ఎండలో పనిచేసేవాళ్ల పలకలకు రంగులు ముదురు చేసిందీ ఆమే. పేరు మాత్రం విభాగానికి వచ్చేది. ఆమె దానికి నొచ్చుకోలేదు. అన్నీ వరసలో కనిపిస్తే ఆమెకు కడుపు నిండేది.

వేసవి చివర్లో సూపరింటెండెంటు దక్షిణామూర్తి గారు ఆమెను పిలిచారు. ఆయన మంచివాడు. ఎవరినీ కసురుకోడు, ఎవరి సెలవునూ ఆపడు.

"అమ్మా రత్నం, పెట్టె జరిపీ జరిపీ జనానికి బొటనవేళ్లు లాగేస్తున్నాయట. ఆస్పత్రిలో వేళ్ల నొప్పుల వాళ్లే ఎక్కువట. జరపకుండా మొత్తం ఒక్కసారే కనిపించాలి. చూడు ఏం చేస్తావో."

నూకరత్నం చాలా చేసింది. అరల మధ్య సందులు తగ్గించింది. 'కూర్చో', 'కూలబడు' రెండూ కలిపి ఒకటి చేసింది. 'ఎందుకు' అనే బిళ్ళను 'ఎలా' వెనక మడతపెట్టింది. ఎంత సర్దినా ఒక్క వరస కిందికి జారిపోతూనే ఉంది. అప్పుడు వాడకం పట్టీ తెప్పించి చూసింది. అన్నిటికంటే అడుగున ఉన్నది 'వద్దు'. పట్టణం మొత్తంలో దాన్ని ముట్టుకునేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మంది. చాలామంది దాన్ని వాకిలి దాకా లాక్కొచ్చి, కాసేపు ఆగి, మళ్లీ పెట్టెలో వేసేస్తున్నారు.

"దీన్ని తీసెయ్యమంటారా సార్?"

"తీసెయ్యడం ఎందుకమ్మా, దాచు. తీసెయ్యడం వేరు, దాచడం వేరు. కావలసినవాడు సెట్టింగుల్లోకి వెళ్లి తెచ్చుకుంటాడు."

"జనం ఏమైనా అనుకుంటారేమో."

"నా సర్వీసులో నేను ఒక్కసారి కూడా వాడలేదు. ఈ ఆఫీసులో నువ్వెప్పుడైనా వాడావా?"

నూకరత్నం ఆలోచించింది. వాడలేదు. ఆ బిళ్ళ పక్కనున్న కన్ను గుర్తును నొక్కితే కన్ను మూసుకుంది, పెట్టె పలకలో చక్కగా ఇమిడిపోయింది. ఆ క్షణంలో ఆమెకు కలిగింది సంతోషమే, అందులో అనుమానం లేదు.

పనిలో పనిగా ఇంకో రెండు మార్పులు చేసింది. అదివరకు జవాబు పెట్టని ఖాళీలు ఖాళీగానే ఉండిపోయేవి, అడిగినవాళ్ల బిళ్ళలు నెలల తరబడి వాకిట్లో పోగుపడేవి. ఇప్పుడు ప్రతి ఖాళీలోనూ ముందుగానే లేతరంగులో ఒక 'అవును' కనిపించేలా చేసింది. దాని మీద వేరే బిళ్ళ పెడితే అది తప్పుకుంటుంది, పెట్టకపోతే గడువుకు అదే జవాబు. ఒక్కో ఖాళీకీ విడిగా పెట్టుకుంటూ పోతే చేతులు పడిపోతాయని, 'అన్ని ఖాళీలకూ' అన్నచోట టిక్కు పెట్టింది. రెండోది చెత్తబుట్ట. పాతదాని మూత తెరిచి పారేసినవాటిని ఏరుకోవచ్చు. తెరిచిన చెత్తబుట్ట చూడ్డానికి అసహ్యంగా ఉందని మూత బిగించేసింది. పక్కన 'సర్దు' అనే మీట పెట్టింది. నొక్కితే వాకిట్లో దేనికీ తగలకుండా విడిగా పడున్న బిళ్ళలన్నీ బుట్టలోకి పోతాయి.

కొత్త అమరికను పట్టణం ఆదరించింది. మొదటి వారం పెళ్లిళ్లలోనే కాస్త ఇబ్బంది ఎదురైంది. రేవుపాలెంలో వడ్డించేవాడు అడిగి వడ్డించడు. తినేవాడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితేనే ఆగుతాడు. చెయ్యి అడ్డం పెట్టడం కూడా 'వద్దు' కిందికే వస్తుందని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. ఒక రిటైర్డు హెడ్‌మాస్టారు పూర్ణాలు తింటూనే ఉండిపోయి, అంబులెన్సులో కూడా నమిలాడు. తర్వాత కాటరింగు వాళ్లే గరిటెలు చిన్నవి చేసుకుని సర్దుకున్నారు. గొడవలు తగ్గాయి. కౌన్సిలు సమావేశాలు టీ రాకముందే ముగిశాయి. ఇద్దరు అన్నదమ్ములు అడిగితే ఇద్దరితోనూ నిశ్చితార్థం జరిగిన ఒక అమ్మాయి గురించి కొన్నాళ్లు చెప్పుకున్నారు గానీ, అవి కబుర్లే.

నూకరత్నం అత్త గంగులమ్మ వయసులో ఉన్నప్పుడు రొయ్యల షెడ్డులో పనిచేసింది. ఆమె వయసువాళ్లకు ఊళ్లో ఒక అలవాటుంది. వాడిన బిళ్ళను పెట్టెలో వెయ్యరు. ఎందుకైనా మంచిదని వాకిలి మూలన విడిగా ఉంచుకుంటారు. దేనికీ తగలని బిళ్ళ ఏ పనీ చెయ్యదు, అలాగని పోదు కూడా. దాని మీద వేలు ఆనించి పట్టుకుంటే అలాంటిదే ఇంకో బిళ్ళ వస్తుంది, కావలసినవాళ్లకు ఇవ్వొచ్చు. గంగులమ్మ మూలలో రంగు వెలిసిన బిళ్ళలు చాలా ఉండేవి. వాటి మధ్యలో ఒక 'వద్దు' ఉండేది. షెడ్డులో మేస్త్రీకి ఒకసారి పెట్టిన బిళ్ళ అది. ఆ కథ ఆమె ఎవరికీ చెప్పలేదు గానీ, బిళ్ళను మాత్రం పారెయ్యలేదు.

కొత్త అమరిక వచ్చాక మొదటి ఆదివారం కోడలు అత్త పలక చేతిలోకి తీసుకుంది.

"ఎందుకే ఇప్పుడు? మూల్న పడున్నాయి, నీకేటడ్డం?" అంది గంగులమ్మ.

"అమరికల ఆఫీసులో పనిచేసేదాని ఇంట్లో పలక ఇలగుందంటే నలుగురూ నవ్వుతారత్తా."

"నవ్వితే నవ్వనీ. ఉండనీవే పిల్లా."

అది నోటి మాట. నూకరత్నం 'సర్దు' నొక్కింది. మూల తెల్లగా, తుడిచినట్టు అయింది. ముసలామె పలకను వెనక్కి తీసుకుని కాసేపు చూసి పక్కన పెట్టేసింది.

నూకరత్నం భర్త పైడినాయుడు ఊరి చివర రసాయనాల కంపెనీలో హెల్పరు. అక్కడ మందులు కాచే పెద్ద తొట్లుంటాయి. సరుకు మారినప్పుడల్లా ఎవరో ఒకరు లోపలికి దిగి అడుగున పేరుకున్నది గోకాలి. దిగేముందు లోపలి గాలిని మీటరుతో చూడాలి. మీటరు ఎప్పుడూ రిపేరుకు వెళ్లి ఉంటుంది. షిఫ్టు ఇంచార్జి భద్రం ఇదివరకు రెండు మూడుసార్లు పైడినాయుణ్ణి దిగమన్నాడు. పట్టణంలో 'వద్దు' వాడే ఆ కొద్దిమందిలో పైడినాయుడు ఒకడు. ప్రతిసారీ అదే పెట్టాడు. భద్రం మొహం మాడ్చుకుని వెళ్లిపోయేవాడు. ఆ రోజుల్లో పైడినాయుడు ఇంటికొచ్చి అన్నం రెండోసారి పెట్టించుకునేవాడు.

బుధవారం సాయంత్రం అతను పలక తెచ్చి భార్య ముందు పెట్టాడు. వాకిట్లో భద్రం బిళ్ళ కూర్చునుంది. 'తొట్టిలోకి దిగుతావా?' పక్కన ఖాళీ. ఖాళీలో లేతరంగు అవును. గడువు రేపు మధ్యాహ్నం భోజనాల వేళ.

"రత్నం, పెట్టంతా ఎతికినాను. ఏదీ అది?"

"దాచినాం. లోపలుంటాది."

"దాచినాం అంటే? నువ్వేనా?"

"విభాగం దాచింది," అంది నూకరత్నం. వెంటనే సిగ్గేసి, "నేనే," అంది.

పైడినాయుడు కోప్పడలేదు. కోపం బిళ్ళ అతని పలకలో ఉంది, చేత్తో ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. "ఆ తొట్టిలో వాసన నీకు తెల్దు. మూత దగ్గిర నిలబడితేనే కళ్లు తిరుగుతాయి. ఎలగోలా తెచ్చి పెట్టు," అన్నాడు.

"అత్త దగ్గిరుంది కదా," అంది నూకరత్నం, అనేశాక నోరు మూసుకుంది.

ఆ మాటకు పైడినాయుడు ప్రాణం లేచొచ్చినట్టు తల్లి దగ్గరికి పరుగెత్తాడు. గంగులమ్మ పలక చూపించింది. మూల శుభ్రంగా ఉంది. చెత్తబుట్ట మూత మీద వేలు పెట్టి చాలాసేపు నొక్కింది. అది ఎందుకు తెరుచుకోదో ఆ ఇంట్లో ఒక్కరికే తెలుసు. నూకరత్నం గోడకు ఆనుకుని నిలబడిపోయింది. తన శుభ్రత మీద తనకు మొదటిసారి అసహ్యం వేసింది.

మర్నాడు ఆఫీసు తలుపులు తెరవకముందే ఆమె మెట్ల మీద కూర్చుంది. దక్షిణామూర్తి గారు రాగానే సంగతంతా చెప్పింది. ఆయన నిజంగానే బాధపడ్డారు. కుర్చీ లాగి కూర్చోమన్నారు, మంచినీళ్లు తెప్పించారు.

"దానికేముందమ్మా, సెట్టింగుల్లోకి వెళ్లి కన్ను తెరిపించు."

ఆమె వెళ్లింది. పలక ఒక ప్రశ్న అడిగింది: 'ఇప్పుడున్న అమరికే కొనసాగించాలా?' పక్కన ఖాళీ. మార్చాలంటే అందులో 'వద్దు' పెట్టాలి. ఇద్దరూ దానివైపు చూస్తూ కూర్చున్నారు. ఖాళీలో లేతరంగు అవును నెమ్మదిగా ముదిరి, 'ధన్యవాదాలు' అని వచ్చి, ప్రశ్న మాయమైంది.

"ఇది మనకు తట్టలేదు సుమా," అన్నారు దక్షిణామూర్తి గారు. "పైవాళ్లకు రాద్దాం. వచ్చే సమీక్షలో పెడతారు."

"సమీక్ష ఎప్పుడు సార్?"

"ఎవరైనా ఈ అమరిక వద్దంటే పెడతారమ్మా."

అప్పుడు నూకరత్నానికి షరతుల అర గుర్తొచ్చింది. పసుపు రంగు అర, పెట్టెలో పైనుంచి మూడోది, తన చేత్తోనే అక్కడ పెట్టింది. అందులో 'అయితేనే' అనే బిళ్ళ ఉంది. దానికో ఖాళీ, కింద చేయవలసిన పని. ఖాళీలో పెట్టింది నిజమైతేనే పని జరుగుతుంది. ఖాళీ ఖాళీగా ఉంటే జరగదు. ఎప్పటినుంచో అంతే, విభాగంలో చేరిన మొదటిరోజు నేర్పిన పాఠమది. ఆమె ఫోను తీసి భర్తకు చెప్పింది.

"అయితేనే బిళ్ళ లాగు. దాని ఖాళీలో ఏటీ పెట్టకు. అక్కడ మీటరు చెప్పింది రావాల. మీటరు లేదు కాబట్టి అది ఖాళీగా ఉండిపోతాది. కింద దిగు అని పెట్టీ. అడిగినోడికి జవాబిచ్చినట్టూ ఉంటాది, నువ్వు దిగనూ దిగవు."

అటువైపు పైడినాయుడు ఊపిరి వదలడం వినబడింది. "నీ బుర్రే బుర్ర. మీ ఆఫీసోళ్లు నీకు పెర్మనెంటు ఎందుకియ్యరో," అన్నాడు.

"భోజనం పెందలాడే చేసీ."

"అలగే. అమ్మకి సెప్పు, బెంగెట్టుకోవద్దని."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ పూట నూకరత్నం తేలిక పడిన మనసుతో పనిచేసింది. పిల్లల పలకలకు అరల రంగులు మార్చే పని అది. ఆకుపచ్చ పక్కన నారింజ పెట్టి చూసుకుంది, బాగుంది. భోజనాల వేళ డబ్బా మూత తీస్తూ తెర మీద 'అన్ని ఖాళీలకూ' అన్న మాట చూసింది. దాని ముందు టిక్కు ఉంది. అన్ని ఖాళీలు అంటే అన్నీ అని, షరతుల అరలోవి కూడా అని అప్పుడు తెలిసింది. ఫోను చేస్తే అటువైపు ఎవరూ ఎత్తలేదు.

అతను పచ్చజెండా నొక్కాక కాళ్లు వాటంతటవే నిచ్చెన దిగాయని తోటివాళ్లు చెప్పారు. దిగుతూ, "ఇదేటిది, ఖాళీగా ఉంచాను కదా," అన్నాడట. నిచ్చెన సగంలో పైకి చూశాడట. అతణ్ణి పైకి తీసుకు రమ్మని ఇంకొకణ్ణి అడిగారు. అతని ఖాళీలో కూడా లేతరంగు అవును ఉంది, అతనూ దిగాడు. ఇద్దరూ ప్రాణాలతో పైకి రాలేదు. మూడో మనిషిని అడిగేలోగా భోజనాల గంట కొట్టారు, అంతటితో ఆగింది.

విచారణ సక్రమంగా జరిగింది. పలకను పరీక్షించిన అధికారి వరసలో ఎక్కడా తప్పు లేదని తేల్చాడు. అయితేనే, దాని ఖాళీలో అవును, కింద దిగు. భద్రం ఇంటికొచ్చి చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతని కళ్లు నిజంగానే ఎర్రగా ఉన్నాయి.

"నేనేమీ బలవంతపెట్టలేదమ్మా. తనే కట్టుకున్నాడు, తనే జెండా నొక్కాడు. మనిషిని దించమని పైవాళ్లు నన్నడిగినప్పుడు నా పలకలో మటుకు ఏముంది చెప్పండి?"

నూకరత్నం ఆ పలక తీసుకుని చూసింది. బిళ్ళలు తిన్నగా, అంచులు కలిసి, ఎంత నీటుగా ఉన్నాయో. ఆమె ఫోనులో చెప్పినట్టే, చెప్పిన వరసలోనే పెట్టాడు. ఆమె నేల మీద కూర్చుని గుండె పగిలేలా ఏడ్చింది. దానికి బిళ్ళ అక్కర్లేదు కనుక చాలాసేపు ఏడవగలిగింది. గంగులమ్మ కోడల్ని తిట్టలేదు. తిడితే బాగుండునని నూకరత్నం ఎదురుచూసింది. ముసలామె ఆ రోజు నుంచి పలక ఒళ్లో పెట్టుకుని, ఖాళీ మూల మీద వేలు ఆనించి, పట్టుకుని కూర్చుంటోంది. అక్కడేమీ లేదని ఎవరూ చెప్పలేదు.

వానలు వెనకబట్టాక బిళ్ళలు లేని జిల్లా నుంచి అధికారుల బృందం వచ్చింది. అక్కడ మనుషులు అన్నీ నోటితోనే చెప్పుకుంటారు, ఒళ్లు వాటంతటవే కదులుతాయి. రేవుపాలెం అమరిక గురించి విని, తమకూ పనికొస్తుందేమో చూడ్డానికి వచ్చారు. వివరించే పని నూకరత్నానికి అప్పగించారు. ఈమధ్యే ఆమె ఉద్యోగం పర్మనెంటు అయింది.

ఆమె పెట్టె చూపించింది, అరలు చూపించింది, చెత్తబుట్ట మూత చూపించింది. కళ్లజోడు పెట్టుకున్న ఒకాయన చెయ్యెత్తాడు.

"మరి ఆ ఒక్క బిళ్ళ లేకుండా మీకు ఎలా గడుస్తోందండీ? మా దగ్గర అది కష్టం. మాలో ప్రతివాడికీ నోరుంది, వద్దనే మాట నోట్లోనే ఉంటుంది. దాచడం కుదరదు."

"మీరు ఆఖరిసారి మీ పైవాళ్లతో ఆ మాట ఎప్పుడన్నారండీ?" అంది నూకరత్నం. వెటకారంగా కాదు. వాడకం పట్టీ రాసేవాళ్లు అడిగినట్టే అడిగింది.

ఆయన పక్కాయన వైపు చూశాడు. పక్కాయన ఇంకొకాయన వైపు చూశాడు. వెనక వరసలో ఒకావిడ పెదవులు కదిపి, మళ్లీ మూసుకుంది.

"గుర్తు లేదండీ," అన్నాడాయన.

"అయితే మీ దగ్గర మార్పు పెద్దగా తెలీదు," అంది నూకరత్నం. "మీకు పలకలు కూడా అక్కర్లేదు."

బృందం తలలూపింది. భోజనాలు చిన్న గరిటెలతో బాగా జరిగాయి. బయల్దేరేముందు వాళ్లు దక్షిణామూర్తి గారి చేత ఒక బిళ్ళ పంపించారు. అది వచ్చి నూకరత్నం వాకిట్లో కూర్చుంది. 'మా జిల్లాకు వచ్చి మాకూ ఇలాగే సర్దిపెడతారా?'

నూకరత్నం పెట్టె వైపు చూసింది. జరపకుండానే మొత్తం కనిపిస్తోంది. ఆమె చేతులు రెండూ వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది, వేళ్లు బిగించి పట్టుకుంది. గంగులమ్మ మూల మీద వేలు ఆనించి కూర్చోవడం ఆమెకు గుర్తొచ్చింది. దక్షిణామూర్తి గారు తలుపు దగ్గర మర్యాదగా ఎదురుచూశారు. ఖాళీలో లేతరంగు అవును కొద్దికొద్దిగా ముదిరింది. ఆమె లేచి సంచీ సర్దుకోవడం మొదలుపెట్టింది.